ఎర్ర హెల్మెట్ అన్నకి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

మా ఆయన ఇవాళ డిశ్చార్జి అయ్యారు. చెయ్యి దక్కింది. గాజు తలుపు పగిలి మోచేతికి పైన బ్రేకియల్ ఆర్టరీ, అంటే చేతికంతా రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని, పూర్తిగా తెగిపోయింది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

వ్యాస్కులర్ సర్జన్ గారికి, అంటే రక్తనాళాల ఆపరేషన్ చేసే డాక్టర్ గారికి, వాళ్ళ టీమ్‌కి దండాలు. కాలి నుంచి సిర తీసి, లోపలి కవాటాలు రక్తానికి అడ్డుపడకుండా తిరగేసి, తెగిన చోట కుట్టారు. వాపు వల్ల కండరం నలిగిపోకుండా ముంజేతిని పొడవునా కోసి తెరిచి ఉంచారు. అది చూసి నాకు కళ్ళు తిరిగాయి. అత్తయ్య, తమ్ముడు, ఆడపడుచు... వాళ్ళకి వేరే చెప్పాలా.

నేను అసలు చెప్పాలనుకున్నది ఎర్ర హెల్మెట్ పెట్టుకుని బండి మీద పోతూ ఆగిన అన్న గురించి. చుట్టూ మూగినవాళ్ళు ఎవరో సన్నటి తాడు తెచ్చి కట్టబోతుంటే ఆపారు. తువ్వాలు మడత పెట్టి, గాయం మీద రెండు చేతులతో నొక్కి పట్టారు. నేను "ఆగిందా, ఒకసారి చూడండి" అని ఏడుస్తుంటే "తియ్యకూడదమ్మా, తీస్తే మళ్ళీ మొదలవుతుంది" అన్నారు. దారంతా తియ్యలేదు. మొదటి ఆసుపత్రిలో తియ్యలేదు, అంబులెన్స్‌లో తియ్యలేదు. థియేటర్ గుమ్మం దగ్గర డాక్టర్ గారు తన చెయ్యి పెట్టాకే వదిలారు. అప్పుడు చూశాను, ఆయన వేళ్ళు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి, చాపలేకపోతున్నారు. వాటిని వెనక్కి దాచుకుని "మీరేమైనా తిన్నారా అమ్మా?" అని అడిగారు. అంతసేపూ నిలబడ్డదాన్ని అక్కడే కూలబడిపోయాను. లేచేసరికి ఆయన లేరు. పేరైనా అడగలేదు. అన్నా, ఇది చూస్తే ఒక్క మాట చెప్పండి.

మొదటి ఆసుపత్రి గురించి కూడా చెప్పాలి. మణికట్టు దగ్గర నాడి అందట్లేదని, చెయ్యి చల్లబడిందని వాళ్ళే రాశారు. వ్యాస్కులర్ సర్జన్ లేరన్న మాట మాత్రం ఫారాలన్నీ నింపించాక చెప్పారు. ఆపైన రిఫరల్ మీద సంతకం పెట్టాల్సినాయన రౌండ్స్‌లో ఉన్నారట! రక్తం అందకపోతే సుమారు 6 గంటల్లో కండరం చచ్చిపోతుందని నాకు తర్వాత తెలిసింది. వాళ్ళకి ముందే తెలుసు కదా.

ఇప్పుడు నాడి బాగా అందుతోంది. మీడియన్ నరం కూడా తెగింది, కలిపి కుట్టారు. అది రోజుకి సుమారు 1 మి.మీ. చొప్పున పెరుగుతుందట, కాబట్టి బొటనవేలికి, చూపుడువేలికి స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా వేడి గ్లాసు ఆ చేతికి ఇవ్వద్దన్నారు.

అయ్యో, రక్తం ఇచ్చిన ఆఫీసు పిల్లలని మరిచిపోయాను, సారీ. రాత్రంతా గంటగంటకీ డాప్లర్, అంటే రక్తం పారే శబ్దం వినిపించే మిషన్, పెట్టి ఆ శబ్దం నాకూ వినిపించిన నర్సు గారు. ఫిజియోథెరపీ అమ్మాయి. బాబుని చూసుకున్న పక్కింటి పిన్నిగారు. ఇంకా పక్క బెడ్ పెద్దాయన, మీ ఛార్జర్ నా బ్యాగులోనే వచ్చేసింది. మీ అబ్బాయి చూస్తే మెసేజ్ పెట్టమనండి, పంపిస్తాను.