దేశం పేరు చూసి తేల్చేయకండి
అందరికీ నమస్తే, మోడల్ రైళ్లలో చైనా సరుకు మేలా జర్మనీ సరుకు మేలా అని రాత్రి నుంచి నడుస్తున్న గొడవ మొత్తం చదివా. జర్మనీ కంపెనీ మార్క్లిన్ అంటే అక్కడి గోపింగెన్ ఊళ్లోనే చేస్తారు అనుకుంటాం గానీ వాళ్లకి హంగరీలో గ్యోర్‌లో కూడా ఫ్యాక్టరీ ఉంది, బ్రిటన్ కంపెనీ హార్న్‌బీ తయారీ 1990ల్లో ఇంగ్లండ్‌లోని మార్గేట్ నుంచి చైనాకి వెళ్లాకే కదండీ ఆ సన్నటి ప్రింటింగు, విడిగా అతికించిన కడ్డీలు మామూలు ధరలో చూశాం. జపాన్ కంపెనీ కాటో జపాన్‌లోనే చేస్తుంది, ఆ రైళ్ల నడక వెన్నలా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ అసలు శత్రువు జింక్ పెస్ట్. పోతపోసే జింక్ లోహంలో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి, పగిలి పొడైపోద్ది, 1930ల్లో హార్న్‌బీ లివర్‌పూల్‌లో చేసినవాటికీ వచ్చింది. నా ఇంజినొకటి చాసిస్ (అడుగు చట్రం) నడుం వంగిపోయి చక్రాలు పట్టాల మీద ఆనట్లేదు, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. పాతవి కొనేముందు బోర్లా తిప్పి చాసిస్ ఫొటో అడగండి ప్లీజ్.