కొత్త వెర్షన్ ఎందుకు ఆలస్యమైంది, మీరు ఏం సరిచూసుకోవాలి

డేటాకి సరిపడే గీతను వెతికే మా కర్వ్ ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న మీ అందరికీ నమస్కారం. రెండు నెలల్లో ఇస్తామన్న వెర్షన్ ఆరు నెలలైనా రాలేదు. అడిగిన ప్రతిసారీ "ఇదిగో, అయిపోవచ్చింది" అన్నాను. అసలు సంగతి ఇది.

మీ డేటాకి మోడల్‌ని సరిపెట్టేటప్పుడు అడుగడుగునా, విలువ ఎంత వేగంగా మారుతోందో చెప్పే డెరివేటివ్‌లు కావాలి. ఇన్నాళ్లూ ఆ పని ఆటోగ్రాడ్ అనే లైబ్రరీ చేసిపెట్టేది. దాన్ని రాసిన ముఖ్యులే జాక్స్ అనే ఇంకో లైబ్రరీ పనిలోకి వెళ్లారు, ఆటోగ్రాడ్ ఎదుగుదల ఆగింది. అందుకే మేమూ 2018లో గూగుల్ నుంచి వచ్చిన జాక్స్‌కి మారుతున్నాం. రెండూ చూడ్డానికి పైథాన్‌లో లెక్కలకు వాడే నమ్‌పైలాగే ఉంటాయి కదా, లైబ్రరీని పిలిచే ఇంపోర్ట్ లైన్లు మారిస్తే సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. నా అతి నమ్మకం!

మొదటి దెబ్బ చిన్నదే. జాక్స్ మామూలుగా 32 బిట్లలోనే లెక్క కడుతుంది, అంటే దాదాపు 7 అంకెల వరకే నమ్మకం. మా ప్రోగ్రామేమో అంతకన్నా సన్నని తేడా కోసం చూస్తూ ఎప్పటికీ ఆగేది కాదు. 64 బిట్ల సెట్టింగ్ పెట్టాక కుదిరింది.

నిద్ర లేకుండా చేసింది వర్గమూలం. దూరం సున్నా అయినచోట వర్గమూలం డెరివేటివ్ అనంతం అవుతుంది. పాత కోడ్‌లో 'ఇఫ్' పెట్టి ఆ చోటు తప్పించేవాళ్లం. జాక్స్ కంపైల్ చేసే (ముందుగా యంత్రం భాషలోకి మార్చే) కోడ్‌లో, లెక్క మధ్యలో వచ్చే విలువ మీద మామూలు 'ఇఫ్' నడవదు. దాని బదులు, రెండు దారులూ లెక్కగట్టి షరతును బట్టి ఒకటి ఎంచుకునే 'వేర్' వాడాం. జవాబు సరిగ్గానే వచ్చింది, డెరివేటివ్ మాత్రం 'నాన్' (సంఖ్య కాదు అనే గుర్తు) అయి కూర్చుంది. ఎందుకంటే వద్దనుకున్న దారి డెరివేటివ్ కూడా లెక్కలోకి వస్తుంది. సున్నాని అనంతంతో గుణిస్తే వచ్చేది సున్నా కాదు, నాన్. వర్గమూలంలోకి వెళ్లకముందే సున్నా బదులు 1 పెట్టి, బయట 'వేర్'తో మళ్లీ సరైన జవాబు ఎంచుకోవాలి. రాస్తే రెండు లైన్లు. కనిపెట్టడానికి మూడు వారాలు.

ఇక మీకు క్షమాపణ చెప్పాల్సిన విషయం. కొందరికి పరీక్ష కోసం ముందుగా ఇచ్చిన బీటాలో ఒక తప్పు ఉంది. పట్టికలో లేని వరస అడిగితే నమ్‌పై ఎర్రర్ ఇస్తుంది, జాక్స్ చప్పుడు చేయకుండా చివరి విలువ ఇచ్చేస్తుంది. మీ కాలిబ్రేషన్ పట్టిక (కొలతలను సరిదిద్దే విలువల పట్టిక) డేటా కన్నా పొట్టిగా ఉంటే, బీటా ఫలితాలు తప్పు కావచ్చు. దయచేసి అవి వాడకండి, పాత వెర్షన్‌లో మళ్లీ రన్ చేయండి. ఇప్పుడు పట్టిక పొడవు మేమే ముందుగా సరిచూస్తున్నాం.

కొత్తది వచ్చాక మొదటి రన్ నెమ్మదిగా ఉంటుంది. అది కంపైల్ అవుతున్న సమయం, హ్యాంగ్ అయిందని మూసేయకండి. చివరి అంకెల్లో పాత ఫలితాలతో కొంచెం తేడా ఉండొచ్చు. సగంలో ఉన్న ప్రాజెక్టును పాత వెర్షన్‌లోనే ముగించండి, ఇంకో ఏడాది దాన్ని తీసేయం. విడుదల తేదీ మాత్రం ఈసారి చెప్పను, పరీక్షలన్నీ పాసైన రోజే పంపిస్తాం.