కొండవీటి కథ మా సింహాచలం రాతి మీద ఉంది, మంత్రిగారూ

మాన్యులు రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక పౌరుడు నమస్కరించి రాస్తున్న విన్నపం.

కిందటి చలికాలం పిల్లలతో కొండవీడు కోటకు వెళ్ళాం. ముత్యాలమ్మ చెరువు గట్టు మీద కూర్చుని కూలిన బురుజుల్ని చూస్తూ మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఇంత కోటను ఎవరు పట్టుకున్నారు?" అని. ఆ కథ చెప్పే బోర్డు కోసం చుట్టూ వెతికాను. మాకు కనిపించలేదు.

జవాబు మా ఊళ్ళోనే ఉంది. సింహాచలం అప్పన్న గుడిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో వేయించిన తెలుగు శాసనం ఉంది. ఒడిశా రాజులైన గజపతుల మీద దండయాత్రకు బయల్దేరి ఉదయగిరి మొదలుకొని ఏయే దుర్గాలు సాధించాడో అందులో వరసగా చెక్కించాడు. ఆ వరసలో కొండవీడు ఉంది. 1515లో ఆ కోట లొంగింది, గజపతి కొడుకు వీరభద్రుడు అక్కడే పట్టుబడ్డాడు. ఆ తర్వాత రాయలు సింహాద్రికి వచ్చి స్వామికి 991 ముత్యాల హారం సమర్పించాడు. 1519లో వేయించిన శాసనం కూడా ఈ గుడిలోనే ఉంది.

చందనోత్సవం క్యూలో గంటలకొద్దీ నిలబడేవాళ్ళం, ఆ గోడల పక్కనుంచే నడుస్తాం. కానీ ఆ పాత లిపి మాలాంటి వాళ్ళం చదవలేం. నాకైతే ఒక పెద్దాయన వేలు పెట్టి చూపిస్తూ చదివి వినిపించారు. కొండవీడు పేరు వినగానే ఒళ్ళు గగుర్పొడిచింది.

రాయలకు ముందు కథ ఇంకా పెద్దది. రెడ్డిరాజులు తెలుగునాట దాదాపు వందేళ్ళు ఏలారు, అందులో ఎక్కువకాలం ఆ కొండ మీదనుంచే. అద్దంకి నుంచి రాజధాని అక్కడికి మారింది. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. తెలుగు చదువుకున్న ప్రతివాడికీ ఆ కొండతో బంధుత్వం ఉంది.

నేను అడిగేది ఒక్కటే. సింహాచలంలో ఆ శాసనం పక్కన నేటి తెలుగులో దాని పాఠం పెట్టించండి. దాని నకలు కొండవీటి కోట దగ్గర కూడా నిలబెట్టించండి. పాఠాన్ని శాసనాలు చదవగల పండితుల చేతే రాయించండి, తప్పులతో అచ్చయిన బోర్డు అసలు లేకపోవడం కంటే నష్టం.

వచ్చే సంక్రాంతి సెలవులకు మళ్ళీ కొండవీడు వెళ్తున్నాం. మా అమ్మాయి ఈసారి తనే చదువుకోవాలని నా కోరిక.

భవదీయుడు,
సింహాచలం కొండ కింద కాపురముండే ఒక తండ్రి