దేవమాలి మీద మూడు గేర్లతో

సునాబెడ,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ బండోడా,

జవాబు ఆలస్యమైంది, తెలుసు. తిట్లన్నీ దాచుకో, వచ్చినప్పుడు ఒకేసారి తిడుదువుగాని. అమ్మ మోకాలు ఫర్వాలేదు. పాప టెన్త్ టెన్షన్‌లో ఉంది, దానికన్నా వాళ్లమ్మ ఎక్కువ టెన్షన్‌లో ఉంది. నా ట్రాన్స్‌ఫర్ ఈ ఏడాదికి లేనట్టే. వార్తలు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి విను.

దేవమాలి కొండ ఎక్కాను. సైకిల్ మీద!

ఇదంతా నీవల్లే. కెనడాలో సైకిలేసుకుని లేక్ లూయిస్ దగ్గర బయల్దేరాను, బౌ సమ్మిట్ ఎక్కి దిగాను, సస్కాచువాన్ క్రాసింగ్‌లో పడుకున్నాను అంటూ నాలుగు పేజీలు రాసి పంపితే మనిషన్నవాడు ఊరుకుంటాడా? పేటో సరస్సుకి ఆ నీలం రంగు ఎందుకొచ్చిందో, మంచు రాతిని ఎలా పిండి చేస్తుందో పాపకి కూడా చదివి వినిపించాను. అంతా బాగానే ఉంది. కానీ ఒక లెక్క చూసుకో. లేక్ లూయిస్ నుంచి బౌ సమ్మిట్‌కి నువ్వు ఎక్కింది ఐదారొందల మీటర్లు. మా సునాబెడ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, దేవమాలి 1672. అంటే ఏడొందల పైచిలుకు. మీ కొండలు పెద్దవే కావచ్చు, ఎక్కింది మాత్రం నేనే ఎక్కువ. ఈ విషయంలో చర్చ లేదు.

శుక్రవారం సెలవు పెట్టాను. చీకటితోనే సెమిలిగుడ దాటేశాను. చలి ఎంతంటే చేతికి తొడుగుల్లేకపోతే బ్రేకు పట్టుకోలేం. దారికి రెండు పక్కలా వలిసె పూలు, పొగమంచులోంచి పసుపు ఒక్కటే కనిపిస్తోంది. శుక్రవారం కుందులి సంత కదా, రోడ్డంతా జనమే. కావిళ్లలో అల్లం, పసుపు కొమ్ములు, నెత్తిమీద చోళ్ల (రాగుల) మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆటోల్లో ఎంతమంది ఎక్కారో ఆ ఆటోవాడికే తెలియదు. బెల్లు కొట్టీ కొట్టీ నా వేలు నొప్పెట్టింది.

సరిగ్గా సంత మొదట్లో, చిన్న ఎత్తు దగ్గర, వెనక గేరు మారుద్దామని నొక్కితే టప్పుమంది. వైరు తెగింది. వైరు తెగితే ఏమవుతుందో నీకు చెప్పాలా? స్ప్రింగు లాగేసి చైను చిట్టచివరి చిన్న చక్రం మీదికి వెళ్లి కూర్చుంది. అన్నిటికన్నా బరువైన గేరు. ముందు చూస్తే కొండ! దగ్గర వేరే వైరు లేదు. మా ఊళ్లో సైకిల్ షాపులో ఎప్పుడడిగినా వచ్చే వారం అంటాడు, ఆ వచ్చే వారం ఇంతవరకూ రాలేదు.

సంత చివర టార్పాలిన్ కింద ఒక పంక్చర్ మేస్త్రీ. ఒక సుత్తి, రెండు పానాలు, నీళ్ల తొట్టి, పాత ట్యూబులు, అంతే అతని షాపు. నేను వచ్చీరాని ఒడియాలో మొదలుపెడితే, “ఏటి బాబూ, వైరు తెగిపోనాదా?” అన్నాడు. ప్రాణం లేచొచ్చింది! సాలూరు మనిషి. అక్కడ లారీ షెడ్లలో పనిచేసి, పెళ్లాం ఊరని ఇటొచ్చి స్థిరపడ్డాడట.

గేరు సైకిలు అతను ముట్టుకోవడం అదే మొదటిసారి. ఉక్కిరిబిక్కిరి అవలేదు, పానా తియ్యలేదు, అసలేమీ చెయ్యలేదు. బండి తలకిందులు చేసి, గొంతుక్కూచుని, ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేతి బొటనవేలితో చైనుని పక్కకి జరిపే ఆ గేరు బొమ్మని లోపలికి నెట్టాడు. చైను ఒక్కో చక్రం ఎక్కింది. వేలు వదిలేశాడు, టకటకా దిగిపోయింది. మళ్లీ నెట్టాడు. మళ్లీ వదిలాడు. చుట్టూ పిల్లలు చేరారు. బీడీ వెలిగించుకున్నాడు. నాకు లోపల టైము కొట్టుకుంటోంది, అతనికేమో సినిమా చూస్తున్నంత తీరుబడి.

“దీన్ని ఈ స్ప్రింగు బయటికి లాగుతున్నాది. నోపలికి పట్టుకునీది ఏదైనా ఉంటే సాలు కదా బాబూ” అన్నాడు. పక్కన బుట్టలు అమ్మే ఆవిడ దగ్గర చిన్న వెదురు బద్ద తీసుకుని, కత్తితో చెక్కి, ఆ గేరు కీలు సందులో దూర్చాడు. పొడుగైంది. ఇంకొంచెం చెక్కాడు. చివరికి చైను పెద్ద చక్రానికి ఒక్కటి తక్కువలో ఆగింది. మరీ పెద్దదాని మీద ఎందుకు పెట్టలేదని అడిగితే, “అది గానీ జారితే సువ్వల్లో పడతాది, సక్రం పోతాది” అన్నాడు. చూశావా? పుస్తకం చదవలేదు, ఎవడూ నేర్పలేదు! పైనుంచి ట్యూబు ముక్కతో బిగించి కట్టేశాడు. ముందరి మూడు చక్రాలూ పనిచేస్తున్నాయి కాబట్టి నాకు మూడు గేర్లు మిగిలాయి.

డబ్బులంటే ట్యూబు ముక్కకి పది రూపాయలు పుచ్చుకున్నాడు. మరి వెదురుకి? “ఎదురుకి డబ్బులేటి?” అని నన్నే వింతగా చూశాడు. పని మాటే ఎత్తలేదు. మన కాలేజీలో మెకానిజమ్స్ చెప్పిన ‘అర్థమైందా’ మాస్టారుకి ఈ మనిషిని... సరే, వద్దులే.

ఎక్కడానికి ఆ గేరు బాగానే ఉంది. చదునులోనే నవ్వులపాలయ్యాను. కాళ్లు గిరగిరా తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. సంతకి ఎదురొస్తున్న ముసలమ్మలు మూటలు దించుకుని మరీ నవ్వారు. ఒకావిడ తన ఆనపబుర్రలోంచి చోడి అంబలి పోసి తాగమంది. పుల్లగా, చల్లగా, కడుపు నిండా. నీ ఎనర్జీ బార్లు నువ్వే తిను.

చివరి మలుపుల్లో నడిపించాను, దాచడం ఎందుకు. పైన గాలి నిలబడనివ్వలేదు. మంచు ఒక్కసారి చీలితే వరస వెనక వరసగా కొండలు. ఏది ఒడిశా, ఏది ఆంధ్రా చెప్పు చూద్దాం! అప్పుడు కిందకి చూశాను. చిప్స్ ప్యాకెట్లు, సీసాలు, పుట్టినరోజు కేకు అట్టపెట్టెలు, చలిమంటల బూడిద. మీ బాన్ఫ్‌లో ఎలుగుబంటి తెరవలేని చెత్తడబ్బాలుంటాయని రాశావు. ఇక్కడ ఎలుగుబంటి మాట దేవుడెరుగు, నాకు డబ్బాయే కనపడలేదు. ఒడిశా మొత్తానికీ ఎత్తయిన కొండరా ఇది. పోస్టర్ల మీదకైతే పనికొస్తుంది. కాసేపు ఏరాను, సంచీ నిండిపోయింది, ఒళ్లు మండింది. ఇంకా ఎరుపు మట్టి చూస్తే బాక్సైట్ గుర్తొచ్చి... అది వేరే ఉత్తరం.

దిగేటప్పుడు పెడల్ పనే లేదు. వేళ్లు కొయ్యబారాయి, మలుపు మలుపుకీ ఆగి చంకల్లో పెట్టుకున్నాను. వెదురు చెక్కుచెదరలేదు. నిన్న షాపువాడు కొత్త వైరు వచ్చిందని కబురు పెట్టాడు, రేపొస్తానన్నాను. వెయ్యను. ఇంకొన్నాళ్లు ఇలాగే తొక్కుతాను, ఆఫీసుకి సరిపోతోంది.

టీ కొట్టు దగ్గర కోటియా మనిషి కలిశాడని చెప్పానా? ఒడిశా, ఆంధ్రా రెండూ మావేనంటూ 1968లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఊళ్ల గొడవ గుర్తుందా, అక్కడివాడు. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయిట, జేబులోంచి రెండూ తీసి చూపించి, ఏ కార్డు మీద ఎప్పుడు బియ్యం తెస్తాడో చెప్తుంటే... ఒరేయ్, బావమరిది హారన్ మోగిస్తున్నాడు. విశాఖ వెళ్తున్నాడు, ఇది అక్కడ పోస్టు చేస్తాడు. కోటియా వాడి కథ మళ్లీ రాస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు, పిల్లాడికి

— నీ పుల్లారావు (నువ్వు పెట్టిన పేరే)