మా మామయ్య గారి హోండా, టైమింగ్ చైన్ పని: తోడ్పడినవారికి కృతజ్ఞతలు

పెరంబూరులోని మా ఇంటి వసారాలో నాలుగేళ్ళు గుడ్డ కప్పుకొని నిలిచిపోయిన 1972 నాటి హోండా సీబీ 350 పోయిన నెలలో మళ్ళీ రోడ్డెక్కింది. మా మేనమామ గారి చేతి నుంచి నాకు వచ్చిన బండి అది. పిస్టన్లు తిప్పే క్రాంకుతో కలిపి, వాల్వులను నడిపే కామ్‌షాఫ్టును తిప్పే గొలుసే టైమింగ్ చైన్; దాన్ని వదులు కాకుండా ఉంచే భాగం టెన్షనర్. దాని టైమింగ్ చైన్ టెన్షనర్‌ను బాగుచేయడంలోనూ, మునుపటికంటే మెరుగ్గా అమర్చడంలోనూ ముగ్గురు పెద్దమనసుతో సాయపడ్డారు. తమ పేర్లు రాయవద్దని వారు కోరినందువల్ల, పేర్లు లేకుండానే వారు చేసిన పనిని ఉన్నది ఉన్నట్టుగా చెప్పి అందరి ముందు ధన్యవాదాలు తెలుపుకుంటున్నాను.

ఇంజను నుంచి గలగలమనే చప్పుడు మొదలైనప్పుడు నేను చూపించిన ఇద్దరు మెకానిక్కులూ అది టాపెట్ల (వాల్వులను తోసే భాగాల) చప్పుడేనన్నారు. అందుకు వారిని తప్పుపట్టలేను. మన చెన్నైలో, తిరువొత్తియూరులో 1956 నుంచి తయారైన బుల్లెట్ మీద చేయి తిరిగినవారికి పుష్‌రాడ్లు, టాపెట్లే అలవాటు. ఆ పాత బుల్లెట్ ఇంజనులో టైమింగ్ చైనే ఉండదు. అయితే వారిలో ఒకరు చప్పుడు ఎంతకూ తగ్గకపోయేసరికి టెన్షనర్ బోల్టును బలమంతా ఉపయోగించి బిగించారు. ఆ తర్వాత చప్పుడు పెరిగింది, నాకు భయమూ పెరిగింది, బండి వసారాకు చేరింది.

పుదుపేటలో నలభై ఏళ్ళకు పైగా బండ్ల పని చేసిన ఒక పెద్దాయన మాకు దూరపు బంధువని మా అత్తయ్య చెప్పేదాకా నాకు తెలియదు. ఆయనది నెల్లూరు దగ్గరి పల్లె. షోలవరం మోటారు పందేలకు బండ్లు సిద్ధం చేసిన రోజుల నుంచి జపాను ఇంజన్లు ఆయనకు పరిచయం. పనిముట్లేవీ బయటికి తీయకుండా, పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని చాలాసేపు విన్నారు. "నాయనా, ఇది టాపెట్ కాదు. టాపెట్ అయితే టిక్ టిక్ అని లెక్కగా కొట్టుకుంటుంది. ఇది యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా గలగలమంటోంది, అదీ రెండు సిలిండర్ల నడిమి నుంచి వస్తోంది" అన్నారు. ఈ ఇంజనులో చైను తిరిగేది సరిగ్గా ఆ నడుమనే.

అటు తర్వాత ఆయన చెప్పినది నేను ఎన్నటికీ మరువలేను. చైను సాగిందని అందరూ అంటారు గానీ, నిజానికి లింకులు సాగవు, కీళ్ళలోని పిన్నులూ బుష్‌లూ అరుగుతాయి. నూరు లింకుల చైనులో ఒక్కొక్క కీలు 0.01 మిల్లీమీటరు అరిగినా మొత్తం మీద 1 మిల్లీమీటరు వదులు వస్తుంది. ఇంజను నడిచేటప్పుడు క్రాంకు చైనును ముందువైపు నుంచి లాగుతుంది కనుక ఆ వదులంతా వెనుకవైపు చేరుతుంది, టెన్షనర్‌నూ అందుకే వెనుక పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, చైనును బిగువుగా ఉంచేది లోపలి స్ప్రింగే తప్ప బయటి బోల్టు కాదు. స్ప్రింగు తోసిన కడ్డీని ఉన్నచోటనే కదలకుండా పట్టి ఉంచడమే బోల్టు పని. దాన్ని ఎంత బిగించినా చైను ఇంకాస్త బిగియదు, కడ్డీకే గాయమవుతుంది.

ఇంజనును ఫ్రేము నుంచి దింపి, హెడ్డూ బోరూ (సిలిండర్ల దిమ్మె) ఎత్తి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజమైంది. బోల్టు కొన కడ్డీలోకి దిగి గుంట చేసింది. బోల్టు వదులు చేసినా కడ్డీ ఆ గుంట దగ్గరే తట్టుకొని నిలుస్తోంది, స్ప్రింగు దాన్ని ముందుకు జరపలేకపోతోంది. చైనుకు ఆనుకొని ఉండే రబ్బరు యాభై ఏళ్ళ వేడికి చెక్కలా గట్టిపడి అంచుల్లో పగిలింది. ఆ ముక్కలు ఆయిల్‌లో పడకముందే బండి ఆపడం మా అదృష్టమని పెద్దాయన అన్నారు.

అంబత్తూరులో లేత్ నడిపే ఒక అన్నగారి దగ్గరికి ఆయనే నన్ను వెంటబెట్టుకొని వెళ్ళారు. గుంటపడిన కడ్డీని ఆకురాయితో నునుపు చేస్తే కొలత తగ్గుతుందని, అదే కొలతకు గట్టి ఉక్కుతో కొత్తది చేసి పాలిష్ పట్టారు. మళ్ళీ గుంట పడకుండా ఆయన ఆలోచించిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది: బోల్టు కొనను తొలిచి, అందులో చిన్న ఇత్తడి ముక్కను గట్టిగా కూర్చారు. ఉక్కు కంటే ఇత్తడి మెత్తన కనుక, ఎవరైనా అతిగా బిగించినా నలిగేది ఆ ముక్కే, కడ్డీ క్షేమంగా ఉంటుంది. కొత్త చైనూ, టెన్షనర్ రబ్బరూ, స్ప్రింగూ, ప్యాకింగులూ సింగపూరులో ఉన్న మా పిన్ని కొడుకు తెచ్చిపెట్టాడు.

బిగింపు రోజున పెద్దాయన నా చేతే పని చేయించారు. ఇంజను చల్లగా ఉండగా ఎడమవైపు మ్యాగ్నెట్ మూత తీసి, స్పానరుతో ఇంజను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పి, ఎల్‌టీ గుర్తును (ఎడమ పిస్టన్ పైకొసకు చేరిందని చూపేది) ఎదుటి గీతకు సరిపెట్టాను. ఎడమ సిలిండరు టాపెట్లు రెండూ వదులుగా ఆడుతున్నాయో లేదో వేలితో చూడమన్నారు. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పవద్దనీ, అలా తిప్పితే వదులు ముందువైపుకు మారిపోతుందనీ, మరో రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్ళీ గుర్తుకు రావాలనీ హెచ్చరించారు. లాక్ నట్టు, ఆపై బోల్టు వదులు చేయగానే లోపల టక్కుమని కడ్డీ కదిలిన చప్పుడు వినిపించింది. ఆ చిన్న చప్పుడుకు నా కళ్ళు చెమర్చాయి. తర్వాత బోల్టును మణికట్టు బలంతో మాత్రమే బిగించి, లాక్ నట్టు వేశాను.

ఆపైన టాపెట్ల దగ్గరి సందును ఇన్‌టేక్‌కు 0.05, ఎగ్జాస్ట్‌కు 0.10 మిల్లీమీటర్లకు పెట్టి, చివరగా సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు, అంటే స్పార్కు పడే క్షణాన్ని నిర్ణయించే స్విచ్చులు, సరిచేశాం. ఈ ఇంజనులో పాయింట్లను తెరిచేది కామ్‌షాఫ్టే కాబట్టి, చైను వదులుగా ఉంటే ఇగ్నిషన్ టైమింగ్ కూడా నిలకడగా ఉండదు. మునుపు టైమింగ్ లైటు కింద అటూ ఇటూ ఊగిన ఎఫ్ గుర్తు (స్పార్కు పడాల్సిన చోటును చూపేది) ఇప్పుడు నిశ్చలంగా నిలిచింది. మా అత్తయ్య దాచి ఉంచిన మామయ్య గారి నోటు పుస్తకంలో ప్రతి సర్వీసు దగ్గరా "చైను, టాపెట్లు, పాయింట్లు" అని అదే వరుసలో రాసి ఉంది. ఆ వరుసకు అర్థం నాకు ఇన్నాళ్ళకు తెలిసింది. ఆ పుస్తకాన్ని పారేయకుండా కాపాడిన అత్తయ్యకు నా నమస్కారాలు.

పోయిన ఆదివారం నెల్లూరు వెళ్ళి వచ్చాను. రానుపోను ఎక్కడా గలగల లేదు. తిరిగి వచ్చాక పెద్దాయన మళ్ళీ స్క్రూడ్రైవర్ ఆనించి విని, తల ఊపారు. కూలి ఇవ్వబోతే లేత్ అన్నగారికి ఇచ్చిరమ్మన్నారు. ఆ అన్నగారు ఉక్కు, ఇత్తడి ఖరీదు మాత్రమే తీసుకున్నారు. అంతేగాక, ఇత్తడి కొన ఉన్న బోల్టులు మరో మూడు చేసి నా చేతికిచ్చారు. చెన్నైలో ఈ ఇంజను ఉన్నవారు ఎవరైనా అడిగితే, వాటిని ఆయన తరఫున ఉచితంగా అందజేస్తాను.