గోడలకు రక్షణ ఉంది, కాగితాలకు లేదు: బ్రిటన్ సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువాణ్ని. మూతపడుతున్న కతోలిక మఠాల కాగితాలను కాపాడమని అడగడానికి ఈ లేఖ. మీకు ఇంగ్లీషులో పంపుతున్న దీన్ని మావాళ్లూ చదవాలని తెలుగులో కూడా రాస్తున్నాను. మా ఊళ్లలో ఇంగ్లీషు చదువు చెప్పే ప్రతి బడినీ కాన్వెంటు అంటారు. రేకుల షెడ్డులో నడిచేదైనా, ఒక్క సిస్టరు కూడా లేకపోయినా కాన్వెంటే. కాన్వెంటు అంటే అసలు మఠకన్యలు ఉండే మఠం. ఆ మాటకు మూలమైన ఆ మనుషులు ఎలా బతికారో చూడాలని ఉత్తర ఇంగ్లండులోని యార్క్ నగరానికి వెళ్లాను.

అక్కడ మికిల్‌గేట్ బార్ కోటద్వారం పక్కనే బార్ కాన్వెంటు ఉంది. 1686లో ఫ్రాన్సిస్ బెడింగ్‌ఫీల్డ్ అనే సిస్టరు స్థాపించారు. వీధిలోంచి చూస్తే మామూలు ఇంటి వాలుకప్పు. లోపలికి అడుగుపెడితే నెత్తిన 1769 నాటి గుమ్మటం! బయటివాళ్ల కంటపడకుండా దాని మీద ఇంటికప్పు వేశారు. ప్రార్థనామందిరానికి ఎనిమిది ద్వారాలు, ఫాదరు దాక్కోవడానికి నేల కింద ఒక గుంత. అప్పటికి అమల్లో ఉన్న 1700 నాటి చట్టం ప్రకారం కతోలికులు బడి నడిపితే యావజ్జీవ ఖైదు. ఆ మఠకన్యలు సన్యాస వస్త్రాలు మాని, బూడిదరంగు గౌన్లు వేసుకుని ఆడపిల్లలకు చదువు చెప్పారు. ఆ గుమ్మటం కింద తలెత్తి చాలాసేపు నిలబడిపోయాను.

అంతకుముందు కథ మీకు తెలిసిందే. 1536 నుంచి 1540 లోపు ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ దాదాపు 800 మఠాలను మూయించాడు. ఆ తర్వాత ఇక్కడ కతోలిక మతాన్ని నిషేధించడంతో కతోలికుల పిల్లలు సముద్రం దాటి, నేటి ఫ్రాన్సులోని డువేలో, సెంటోమేర్‌లో చదువుకున్నారు. అనుమతి లేకుండా బిడ్డను పంపిన తండ్రికి 100 పౌండ్ల జరిమానా పడేది. రెండు వందల ఏళ్ల తర్వాత ఫ్రెంచి విప్లవం అక్కడి ఇంగ్లీషు కతోలికులను మళ్లీ ఇటు తరిమింది. ఫ్రాన్సులోని కాంబ్రేలో ఉంటున్న ఇంగ్లీషు మఠకన్యలను కాంపియేన్ అనే ఊళ్లో ఖైదు చేశారు. అదే చెరలో ఉన్న, కార్మెలైట్ సంఘానికి చెందిన 16 మంది ఫ్రెంచి మఠవాసినులను పారిస్‌కు తీసుకెళ్లి 1794 జులై 17న తలలు నరికారు. ఉతకడానికి వేసిన ఆ కార్మెలైట్ల మామూలు బట్టలు వెనకే ఉండిపోయాయి. కట్టుకోవడానికి మరేమీ లేని ఇంగ్లీషు మఠకన్యలు 1795లో ఆ బట్టలతోనే స్వదేశం చేరారు. ఇంగ్లండులోని స్టాన్‌బ్రుక్ మఠం వాళ్లదే. వాళ్లలో ఒకరు కూర్చుని రాసిపెట్టారు కాబట్టే ఈ సంగతి మనదాకా వచ్చింది.

నా బెంగ ఆ రాతల గురించే. కొత్తగా చేరేవారు లేక మఠాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇంగ్లండులో 1415లో మొదలై, ప్రవాసంలోనూ చెదరని సయన్ అనే మఠకన్యల మఠం 2011లో ముగిసింది. అదే ఏడాది డర్హం దగ్గర ఫాదర్లకు శిక్షణ ఇచ్చే అషా గురువిద్యాలయం మూతపడింది. 2022లో సన్యాసులు తమ డౌన్‌సైడ్ మఠాన్ని విడిచి వెళ్లారు. భవనాలను చారిత్రక కట్టడాలుగా నమోదు చేసి కాపాడుతున్నారు, సంతోషం. కానీ 1958 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రభుత్వ కాగితాలకే వర్తిస్తుంది. బడి రిజిస్టర్లు, వంటింటి పద్దులు, ఉత్తరాలు ఆ సంఘాల సొంత ఆస్తి. పెట్టె సర్దేవారి ఓపికను బట్టి వాటి రాత.

ఇది నాకు అనుభవమే. మా అమ్మ చదివిన సిస్టర్ల బడి మూసినప్పుడు అడ్మిషన్ రిజిస్టర్లను చిత్తుకాగితాల కింద తూకానికి అమ్మేశారు. పింఛను కోసం పుట్టినతేదీ రుజువు అడిగితే అమ్మ దగ్గర చూపడానికి ఏమీ లేకపోయింది. తాను బడికి వెళ్లిన గుర్తు ఈ లోకంలో ఎక్కడా లేదని ఆమె ఇప్పటికీ బాధపడుతుంది.

సయన్ పుస్తకాలు ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చేరాయి. అషా గ్రంథాలయానికి డర్హం విశ్వవిద్యాలయం అండగా నిలిచింది. పెద్దపేరున్న వాటికి దిక్కు దొరికింది. నలుగురు వృద్ధ సిస్టర్లు మిగిలిన చిన్న ఇంటికి ఎవరున్నారు?

పాత రికార్డులను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్ మీ శాఖ పరిధిలోనిదే. మూతపడబోయే ప్రతి మఠానికీ, మఠం నడిపిన బడికీ ముందుగానే ఒక నిపుణుణ్ని పంపండి. జాబితా పూర్తయ్యేదాకా ఒక్క పెట్టె కూడా కదలకుండా ఆ సంఘాలతో ఒప్పందం చేసుకోండి. ఖర్చు మీ శాఖే భరించాలి. ఆ పెట్టెల్లో మా చరిత్ర కూడా ఉంది. 1866లో హెర్బర్ట్ వాన్ అనే ఇంగ్లీషు ఫాదరు లండన్‌లో నెలకొల్పిన మిల్ హిల్ మిషనరీ సంఘం ఫాదర్లు మా తెలుగు నేల మీద పనిచేశారు. నెల్లూరు మేత్రాసనం (డయోసిస్) తొలి పీఠాధిపతి (బిషప్) విలియం బౌటర్ ఆ సంఘంవారే. అక్కడినుంచి ఇంటికి రాసుకున్న ఉత్తరాల్లో మా తాతల ఊళ్లు, పేర్లు ఉంటాయి. వాటిని చదివే అవకాశం మాకూ ఉండాలి.

ఇట్లు,
మీ దేశంలో నివసిస్తున్న ఒక తెలుగువాడు