వాన వెలిసిన వెంటనే మట్టిదారి సవారీలు ఉండవు

మా దగ్గర గ్రావెల్ సైకిళ్ళు (కంకర, మట్టి దారుల్లో తొక్కేందుకు వెడల్పు టైర్లతో చేసినవి) అద్దెకు తీసుకుని పల్లెదారుల్లో తిరిగే మిత్రులందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి మేము పాటించబోయే నియమం కొందరికి నచ్చకపోవచ్చు కనుక, కారణాలతో సహా ముందే చెబుతున్నాము. వాన పడ్డాక దారి ఆరి గట్టిపడేదాకా మట్టిదారుల్లో సవారీలు నడపము.

వాన వెలిశాక డొంకదారులు ఎంత అందంగా ఉంటాయో, ఆ పూటే వెళ్ళాలని మీలో చాలామందికి ఎంత కోరికగా ఉంటుందో మాకు తెలుసు. అయితే తడిసిన బంకమట్టి టైరుకు అంటుకుని, చక్రం తిరిగినకొద్దీ పొర మీద పొరగా పేరుకుని, టైరుకూ ఫ్రేముకూ మధ్యనున్న కాస్త సందును పూర్తిగా పూడ్చేస్తుంది. 40 మిల్లీమీటర్ల టైరు వేసిన సైకిళ్ళలో చాలావాటికి ఆ సందు వేలి మందం కూడా ఉండదు. అప్పుడు బలవంతంగా తొక్కితే, బురద పట్టిన గొలుసు, తనను పక్కకు జరిపి గేర్లు మార్చే వెనుక డెరైలర్‌ను లాక్కుపోయి, దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్‌ను విరిచేయగలదు. ఫ్రేము దెబ్బతినకుండా ముందు తానే విరిగేలా ఆ హ్యాంగర్‌ను తయారుచేస్తారు కాబట్టి అది విరగడం వింత కాదు, కానీ విరిగాక మిగిలిన దారంతా సైకిల్‌ను నడిపించుకుంటూ రావలసి ఉంటుంది.

మమ్మల్ని ఎక్కువగా బాధించేది మాత్రం దారికి జరిగే నష్టమే. మెత్తబడిన నేలపై బృందమంతా ఒకరి వెనుక ఒకరు వెళితే పడే గాడి ఎండకు గట్టిపడి, మళ్ళీ వాన వచ్చినప్పుడు నీటికి కాలువై, దారిని నిలువునా కోసేస్తుంది. రోజూ ఆ దారినే పొలాలకు వెళ్ళేవారికి మన సరదా వల్ల ఇబ్బంది కలగడం మాకు ఇష్టం లేదు.

ఇందువల్ల మా ఆదాయం తగ్గుతుంది. అయినా అద్దె పెంచము, రద్దయిన సవారీకి మీరు కట్టిన మొత్తం తిరిగి ఇస్తాము. నీరు త్వరగా ఇంకే కంకరదారులు ఆరి ఉంటే అటువైపు తీసుకువెళతాము. అక్కడ పైమన్ను కొట్టుకుపోయి రాళ్ళు తేలి ఉంటాయి కనుక, మీ బరువును బట్టి మేము పెట్టిన గాలి మెత్తగా అనిపించినా దయచేసి ఎక్కించవద్దు. గట్టి టైరు రాళ్ళపై ఎగిరిపడుతూ పట్టు కోల్పోతుంది.

బయలుదేరే రోజు తెల్లవారుజామున మా మనిషి దారి చూసి వస్తాడు. మడమతో నొక్కినప్పుడు నేల దిగబడితే ఆ మట్టిదారికి వెళ్ళము, ఆ సంగతి మీరు ఇల్లు వదలకముందే ఫోన్‌లో తెలియజేస్తాము.